ఈ రేటు ఈ రాత్రి తొమ్మిదింటి దాకానే

మా నాన్న మోండా మార్కెట్లో అరకిలో చిక్కుడుకాయల కోసం మూడు బండ్ల దగ్గర రేటు అడిగే మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో పనిచేసి రైల్ నిలయంలో రిటైరయ్యారు. కాయితం మీద సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదవాలని నాకు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి ఒక ఆదివారం సాయంత్రం తన ఇంట్లో, తన సోఫాలో కూర్చుని, నాలుగు గంటల్లో 2,87,000 రూపాయలకి చెక్కు రాసి ఇచ్చారు. ఎందుకంటారా? కిటికీలకి. డబుల్ గ్లాస్ యూపీవీసీ కిటికీలకి.

ఆ కిటికీలు రాలేదు. కంపెనీ షోరూంకి షట్టర్ దించేసారు. ఇది 2023 ఎండాకాలం సంగతి. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. కేసు నడుస్తోంది, అదొక కారణం. అసలు కారణం ఏంటంటే, పేరు రాస్తే మీరు "ఓహో, ఆ కంపెనీ మోసం చేసిందన్నమాట" అనుకుని పేజీ మూసేస్తారు. నేను చెప్పదల్చుకున్నది ఒక కంపెనీ గురించి కాదు, ఒక పద్ధతి గురించి.

ముందు మా ఇల్లు గురించి చెప్పాలి. వెస్ట్ మారేడ్‌పల్లిలో పాత డాబా ఇల్లు. టేకు కిటికీలు, ఇనప ఊచలు, బయట సిమెంటు సజ్జాలు, వాకిట్లో వేపచెట్టు. ఒకప్పుడు చుట్టుపక్కల అన్నీ ఇలాంటివే ఉండేవి, ఇప్పుడు మూడు వైపులా అపార్ట్‌మెంట్లు. బేగంపేటలో మామూలు విమానాలు దిగే రోజుల్లో, అంటే 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా, మా నెత్తిమీదుగా విమానం వెళ్తుంటే టీవీలో డైలాగు ఆగిపోయినట్టుండేది. అప్పుడెవరూ కిటికీలు మార్చుకోమని రాలేదు. ఇప్పుడు విమానాలు తగ్గాయి, హారన్లు పెరిగాయి. అమ్మకి మధ్యాహ్నం నిద్ర పట్టటం లేదు. ఒక ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా చీటీ మీద ఫోన్ నంబరు రాసి వేసింది. అంతే, అక్కడ మొదలైంది.

ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో తర్వాత అమ్మ దగ్గరా నాన్న దగ్గరా విడివిడిగా విన్నాను. (విడివిడిగా ఎందుకంటే, ఒకళ్ళ ముందు ఇంకొకళ్ళు చెప్పుకోలేకపోయారు.) వరసగా రాస్తాను. ఇందులో ఏదీ యాదృచ్ఛికం కాదని మీకే తెలుస్తుంది.

సాయంత్రం ఐదింటికి ఒక కుర్రాడు వచ్చాడు. చెప్పులు బయట విప్పి, "నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ" అన్నాడు. ఫోన్లో మాట్లాడినప్పుడే "ఇద్దరూ ఇంట్లో ఉండే టైం చెప్పండి" అని అడిగాడట. ఇద్దరూ ఉండాలి ఎందుకో తెలుసా? "మా ఆవిడని అడిగి చెప్తాను" అనే తలుపు ముందే మూసెయ్యటానికి. మంచినీళ్ళు తాగాడు, కాఫీ తాగాడు. గోడ మీద నా ఫోటో చూసి "అన్న సాఫ్ట్‌వేరా అంకుల్?" అని అడిగాడు. గంటసేపు కిటికీల మాటే లేదు.

తర్వాత పెట్టె తెరిచాడు. అందులో ఒక ఎర్ర బల్బు, రెండు అద్దం ముక్కలు. మామూలు అద్దం వెనక చెయ్యి పెడితే కాలింది, వాళ్ళ అద్దం వెనక పెడితే చల్లగా ఉంది. ఇంకో చిన్న పెట్టెలో మొబైల్ మోగించి మూత పెడితే శబ్దం ఆగిపోయింది. అమ్మ ఆశ్చర్యపోయింది. "ఏసీ బిల్లు సగమైపోతుంది ఆంటీ" అన్నాడు.

తర్వాత కొలతలు. ప్రతి కిటికీ దగ్గరా ఆగి, టేకు చెక్క మీద గోరుతో గీకి, "అయ్యో, ఇది లోపల పుచ్చిపోతోంది అంకుల్" అన్నాడు. ఏడున్నరకి రేటు చెప్పాడు. 6,80,000. నాన్న లేచి నిలబడ్డారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ అంకె చెప్పింది నాన్న ఒప్పుకోవటానికి కాదు, నాన్న కాదనటానికి. ఆ తర్వాత వచ్చే ప్రతి అంకె చిన్నదిగా కనపడాలి కదా!

5,90,000 అన్నాడు. 5,20,000 అన్నాడు. "ఒక్క నిమిషం అంకుల్, మా మేనేజర్‌తో మాట్లాడతాను" అని వరండాలోకి వెళ్ళాడు. అమ్మకి వినపడేంత గట్టిగా "సార్, పెద్దవాళ్ళు సార్, రిటైర్డ్ సార్, నా కమిషన్ తీసెయ్యండి సార్" అని బతిమాలాడు. తిరిగొచ్చి చెప్పాడు: మారేడ్‌పల్లిలో మోడల్ ఇల్లు ఒకటి కావాలట, మీ ఇంటికి మా బోర్డు ఆరు నెలలు పెట్టుకోనిస్తే 4,10,000. కానీ ఈ నెల టార్గెట్ రాత్రి తొమ్మిదింటికి క్లోజ్. తొమ్మిది దాటితే సిస్టం పాత రేటే తీసుకుంటుంది.

సిస్టం. ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఎనిమిదీ యాభైకి నాన్న చెక్కు రాసారు. డెబ్భై శాతం అడ్వాన్సు. మిగతాది బిగించాక. నలభై ఐదు రోజుల్లో కిటికీలు. నాకు ఫోన్ చెయ్యలేదు. "నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను రా" అన్నారు తర్వాత. అది నిజం కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ చేస్తే నేను వద్దంటానని, అప్పుడు ఆ కుర్రాడి ముందు చిన్నబోవాల్సి వస్తుందని. నాలుగు గంటలు మన ఇంట్లో కూర్చుని, మన కాఫీ తాగి, మన కోసం మేనేజర్‌ని బతిమాలిన పిల్లాడిని ఉత్త చేతులతో ఎలా పంపుతాం? మన మర్యాదే ఇక్కడ వాళ్ళ పెట్టుబడి.

నలభై ఐదు రోజులకి "ప్రొఫైల్ రాలేదు" అన్నారు. రెండు నెలలకి "గ్లాస్ వెనక్కి పంపాం, క్వాలిటీ బాలేదు" అన్నారు. మూడో నెలలో ఫోన్ ఎత్తటం మానేసారు. నాన్న ఒక్కరే బస్సెక్కి షోరూంకి వెళ్తే షట్టర్‌కి తాళం, బయట ఇంకో పది మంది. ఆయన ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పలేదు. నాకు తెలిసింది ఇంకో నెల తర్వాత, బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తుంటే.

ఆఫీసులో ఈ సంగతి చెప్తే మన వాళ్ళు ఏమన్నారో తెలుసా? "గూగుల్ రివ్యూలు చూసుకోవాలి కదా బాస్." "డెబ్భై శాతం అడ్వాన్సు ఎవడిస్తాడు?" "పెద్దవాళ్ళు ఇంతే, ఎవరేం చెప్పినా నమ్ముతారు." అంటే తప్పు నాన్నదన్నమాట! ఈ టపా ఆ మాటలకి జవాబుగా రాస్తున్నాను.

మొదట ఇంజినీరింగ్ చూద్దాం, మనకి వచ్చిన విద్య అదే కాబట్టి.

డబుల్ గ్లాస్ పనికిరానిదని నేను అనటం లేదు. ఆరు మిల్లీమీటర్ల ఒంటి అద్దం లోంచి, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడాకి, చదరపు మీటరుకి దాదాపు 5.7 వాట్ల వేడి వెళ్తుంది. మధ్యలో గాలి ఖాళీ ఉన్న రెండు అద్దాలైతే ఇది 2.8 దాకా దిగుతుంది. సగం. బయట మైనస్ ఐదు, లోపల ఇరవై ఉండే దేశంలో ఇది బ్రహ్మాండమైన సంగతి. మన దగ్గర బయట నలభై, లోపల ఏసీ ఇరవై ఆరు. తేడా పద్నాలుగు. మన అసలు శత్రువు ఆ తేడా కాదు, అద్దం మీద నేరుగా పడే ఎండ. తెల్ల అద్దాలు రెండు పెట్టినా ఎండలో చాలా భాగం లోపలికి వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేది అద్దం మీద పూసే ప్రత్యేకమైన పూత, లేకపోతే బయట సజ్జా, చెట్టు. మా ఇంటికి సజ్జా ఉంది, వేపచెట్టు ఉంది. పైగా ఒంటి అంతస్తు డాబాకి ఎండాకాలం వేడి ఎక్కువగా దిగేది పైన స్లాబ్ లోంచి. కిటికీలకి నాలుగు లక్షలు పెట్టే బదులు డాబా మీద తెల్ల సున్నం కొట్టిస్తే ఎక్కువ ఫలితం కనిపించేది.

శబ్దం సంగతీ అంతే. ఒకే మందం ఉన్న రెండు అద్దాలు, మధ్యలో పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే, ఆ మొత్తం ఒక స్ప్రింగులాగా పనిచేస్తుంది. లారీల గుర్రు శబ్దం లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర అది పెద్దగా ఆపదు. శబ్దం తగ్గాలంటే కావాల్సింది సందులు లేకుండా మూసుకునే రెక్క, వేరువేరు మందాల అద్దాలు, మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ గ్లాస్. మంచి కంపెనీలు ఇవి చెప్తాయి, చేస్తాయి కూడా. నేను కొటేషన్ తెరిచి చూస్తే అందులో ఉన్నది "5-12-5 క్లియర్". అంటే పూత లేదు, లామినేషన్ లేదు. ఎర్ర బల్బు ముందు పెట్టి చూపించిన అద్దం వేరు, కాయితం మీద రాసిన అద్దం వేరు.

ఇదంతా తెలుసుకోవటానికి నాకు ఒక ఆదివారం పట్టింది. ఒక్క ఆదివారం! "రాత్రి తొమ్మిది దాకానే" అన్న మాట ఉన్నది సరిగ్గా ఆ ఆదివారాన్ని మనకి దక్కకుండా చెయ్యటానికి. సరుకు మంచిదైతే సోమవారం కూడా మంచిదే కదా? రేటు న్యాయమైనదైతే మంగళవారం కూడా న్యాయమే కదా? గడువు పెట్టేది తెలుసుకోకుండా ఆపటానికే.

సరే, ఇది సగమే. రెండో సగం ఇంకా ముఖ్యం, దీన్ని నేను కూడా ఆలస్యంగా అర్థం చేసుకున్నాను.

ఇలా ఒత్తిడి పెట్టి అమ్మేవాడు మోసగాడనీ, వాడి కంపెనీ మూతపడటం దురదృష్టమనీ, ఈ రెండూ వేరువేరు సంగతులనీ మనం అనుకుంటాం. కాదు, రెండూ ఒకటే. ఒక ఉదాహరణ లెక్క వేసి చూడండి. (అంకెలు నావే, లెక్క అర్థం కావటానికి.) ఒక కంపెనీ నెలకి పది ఇళ్ళ ఆర్డర్లు తీసుకుంటుంది, ఒక్కోటి నాలుగు లక్షలు. డెబ్భై శాతం అడ్వాన్సు అంటే 28 లక్షలు. ఆ డబ్బుతో ఈ నెల ఆర్డర్లకి సరుకు కొనదు. రెండు నెలల కిందటి ఆర్డర్లకి బాకీ ఉన్న సరుకు కొంటుంది, షోరూం అద్దె కడుతుంది, పేపర్లో యాడ్ వేస్తుంది, కమిషన్లు ఇస్తుంది. అంటే మా నాన్న చెక్కుతో ఎవరో ఇంకొకాయన ఇంటికి కిటికీలు బిగించారు. మా నాన్న కిటికీలు రావాలంటే మా తర్వాత ఇంకొకాయన చెక్కు రాయాలి. ఒక్క నెల పది బదులు ఆరు ఆర్డర్లే వచ్చాయనుకోండి, వరసలో ఉన్న వాళ్ళందరూ ఆగిపోతారు. వరస ఆగితే ఫిర్యాదులొస్తాయి, ఫిర్యాదులొస్తే ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి.

అందుకే ఆ కుర్రాడికి ఈ రాత్రే చెక్కు కావాలి. మేనేజర్‌కి ఈ నెలే టార్గెట్ కావాలి. ఆ తొందర నటన కాదు! గడువు అబద్ధమే, తొందర మాత్రం నిజం. మనకి "ఆఫర్ అయిపోతుంది" అని చెప్తారు, నిజానికి అయిపోతున్నది వాళ్ళ బ్యాంకులో డబ్బు. అందుకని నేను చెప్పేదేంటంటే, ఎంత ఎక్కువ ఒత్తిడి పెడితే ఆ కంపెనీ అంత తొందరగా పడిపోయే అవకాశం ఉంది. ఒత్తిడిని సేల్స్‌మన్ స్వభావంగా చూడకండి, కంపెనీ బ్యాలెన్స్ షీట్‌గా చదవండి.

ఇంటికొచ్చి అమ్మటమే తప్పని కూడా నేను అనటం లేదు. యురేకా ఫోర్బ్స్ 1982 లో మొదలై వాక్యూం క్లీనర్లు, నీళ్ళ ఫిల్టర్లు ఇంటింటికీ తిరిగే అమ్మింది, టై కట్టుకుని వచ్చిన వాళ్ళని మనలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. కానీ అక్కడ సరుకు తయారై ఉంది, డబ్బిస్తే చేతికొస్తుంది. ఇక్కడ సరుకు ఇంకా పుట్టలేదు. రేపెప్పుడో పుట్టే వస్తువుకి ఈ రోజే డబ్బు. తేడా అదీ.

ఈ వ్యాపారం బాగా పెరిగిన ఇంగ్లండ్‌లో ఏమైందో చూడండి. అక్కడ "డబుల్ గ్లేజింగ్ సేల్స్‌మన్" అన్న మాటే ఒక తిట్టు అయిపోయింది, జిడ్డులాగా పట్టుకుని వదలనివాడు అన్న అర్థంలో. పెద్ద రేటు చెప్పి తగ్గించుకుంటూ రావటం, మేనేజర్‌కి ఫోన్, మీ ఇల్లే మా మోడల్ ఇల్లు, ఇవన్నీ మా వరండాలో పుట్టినవి కావు, అక్కడ ఎప్పుడో అరిగిపోయిన పాత ట్రిక్కులు. ఇక కంపెనీలు. 1965 లో మొదలైన ఎవరెస్ట్ అక్కడ ఇంటింటికీ తెలిసిన పేరు, 2020 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, చేతులు మారి మళ్ళీ 2024 ఏప్రిల్‌లో వెళ్ళింది. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని టీవీలో అరిచే యాడ్లతో పేరు తెచ్చుకున్న సేఫ్‌స్టైల్ 2023 అక్టోబర్‌లో పడిపోయింది. ప్రతి పతనానికీ వేరే కారణాలు కూడా ఉంటాయి, కోవిడ్, ఇళ్ళ మార్కెట్, ముడిసరుకు ధరలు. నేను అనేది, అంత పెద్ద పేర్లకే అలా జరిగితే, మన దగ్గర మూడేళ్ళ షోరూంకి మీరు డెబ్భై శాతం ఇవ్వటానికి ధైర్యం ఎక్కడిది?

కానీ అక్కడ వాళ్ళు నేర్చుకున్నది కూడా ఉంది. ఇంటికొచ్చి అమ్మినదాన్ని కొన్నాళ్ళ లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు అక్కడ 1987 నాటి నిబంధనలతో వచ్చింది, మొదట ఏడు రోజులు, 2013 నిబంధనల్లో పద్నాలుగు. అమెరికాలో 1970 లలోనే మూడు రోజులు ఇచ్చారు. క్రెడిట్ కార్డు మీద కడితే, కంపెనీ మాట తప్పినప్పుడు వంద పౌండ్లు దాటిన కొనుగోళ్ళకి కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా బాధ్యత వహించాలని 1974 నాటి చట్టం ఉంది. ఇందులోనూ ఒక కన్నం ఉంది లెండి. 2013 నిబంధనల ప్రకారం కొలత తీసుకుని మీ కోసమే తయారుచేసే వస్తువుకి ఆ పద్నాలుగు రోజుల హక్కు వర్తించదు. కిటికీ అంటే కొలత తీసి చేసేదే కదా! అందుకే ఒక్క రద్దు హక్కు చాలదు, అడ్వాన్సుకి కూడా కళ్ళెం ఉండాలి అంటున్నాను.

"మన దేశంలో ఇవన్నీ ఎవడు చేస్తాడు లే" అంటారా? చేసారు, మీకే చేసారు. మీరు ఫ్లాట్ కొనేటప్పుడు 2016 నాటి రెరా చట్టం ఏం చెప్తోంది? ప్రాజెక్టు రిజిస్టర్ చెయ్యకుండా యాడ్ ఇవ్వకూడదు, అమ్మకూడదు. రిజిస్టర్ చేసిన ఒప్పందం లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు. కొనేవాళ్ళ దగ్గర వసూలైన దాంట్లో డెబ్భై శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో పెట్టాలి. ఎందుకలా రాసారు? నేను పైన వేసిన లెక్క చట్టం చేసినవాళ్ళకి బాగా తెలుసు కాబట్టి. ఒక ప్రాజెక్టు డబ్బుతో ఇంకో ప్రాజెక్టు నడిపితే చివర నిలబడ్డవాడు మునుగుతాడని.

మరి చట్టం ఉండగానే మన వాళ్ళు ఏం చేసారు? ప్రీలాంచ్ ఆఫర్ అంటే క్యూ కట్టారు. సాహితీ ఇన్‌ఫ్రా వ్యవహారం గుర్తుందా? అమీన్‌పూర్ దగ్గర శర్వాణి ఎలైట్ పేరుతో తక్కువ రేటు చూపించి ముందుగానే డబ్బు కట్టించుకుని ఫ్లాట్లు ఇవ్వలేదన్న కేసులో 2022 డిసెంబర్‌లో పోలీసులు ఆ కంపెనీ అధిపతిని అరెస్టు చేసారు, 2024 లో ఈడీ కూడా అరెస్టు చేసింది. వందల కోట్ల వ్యవహారం. అక్కడ డబ్బు కట్టి మునిగిన వాళ్ళలో మన కాబ్‌లో మన పక్క సీట్లో కూర్చునే వాళ్ళు కూడా ఉన్నారు. రివ్యూలు చదివేవాళ్ళే, ఎక్సెల్ షీట్లు వేసేవాళ్ళే. "ఈ రేటు ఈ నెలాఖరు దాకానే" అన్న మాట ముందు ఎక్సెల్ ఏం పనిచెయ్యలేదు. ఇప్పుడు చెప్పండి, మా నాన్నకీ మనకీ తేడా ఎక్కడుంది?

ఇంకోటి, మన ఇళ్ళల్లోకే వచ్చింది. బైజూస్. తల్లిదండ్రుల మీద ఒత్తిడి పెట్టి, అప్పు ఇప్పించి మరీ కోర్సులు అంటగడుతున్నారన్న ఆరోపణల మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ సీఈవోని పిలిపించింది. అదే ఏడాది మొదట్లో దాని విలువ 22 బిలియన్ డాలర్లన్నారు. 2024 జులైలో దివాలా పిటిషన్‌ని ట్రిబ్యునల్ స్వీకరించింది. కారణాలు చాలా ఉన్నాయి, అమెరికాలో చేసిన అప్పుతో సహా. కానీ "మీ పాప వెనకబడిపోతుంది మేడం, ఈ డిస్కౌంట్ ఇవ్వాళ్టికే" అన్న ఫోన్లు గుర్తున్నాయిగా? మళ్ళీ అదే తొందర.

ఇక ఆ "సిస్టం" మాట సంగతి. 2011 ప్రాంతంలో నేను ఒక ట్రావెల్ సైట్ ప్రాజెక్టులో పనిచేసాను. పేజీ మీద "ఈ ధరకి రెండు రూములే మిగిలాయి" అన్న ఎర్ర అక్షరాలు, పక్కన వెనక్కి తిరిగే గడియారం. ఆ గడియారం కోడ్ రాసింది నేనే. పేజీ రిఫ్రెష్ చేస్తే అది మళ్ళీ పదిహేను నిమిషాల నుంచి మొదలయ్యేది. టెస్టింగ్ అమ్మాయి దాన్ని బగ్ అని రాస్తే, నేను "అలాగే కావాలన్నారు" అని మూసేసాను. క్లయింట్ మెచ్చుకున్నాడు, అప్రైజల్లో ఒక లైను కూడా వచ్చింది.

ఆ కుర్రాడు చెప్పిన "సిస్టం తొమ్మిదింటికి పాత రేటు తీసుకుంటుంది" అన్న మాటకి అర్థం తెలిసిన మనిషి మా ఇంట్లో నేనొక్కడినే. ఆ సిస్టం లేదు. ఉంటే నాలాంటి వాడు రాసిందే. 2023 నవంబర్‌లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడు రకాలు పేరు పెట్టి మరీ చెప్పింది, అందులో మొదటిది లేని తొందర సృష్టించటం. సంతోషం. కానీ ఆ మాటలు రాసింది ఆన్‌లైన్ వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని. అదే అబద్ధపు గడియారం తెర మీద ఉంటే డార్క్ ప్యాటర్న్, మా సోఫాలో కూర్చుని చేతికి వాచీ కట్టుకుని వస్తే "క్లోజింగ్ స్కిల్" అంటారు, దానికి ట్రైనింగ్ ఇస్తారు, షీల్డు ఇస్తారు.

ఆ కుర్రాడు నాకు దొరికాడు. నంబరు మారలేదు, ఎత్తాడు. తిట్టటానికే చేసాను. రెండు నెలల కమిషన్ వాడికీ రాలేదట. జీతం అంటూ ఏమీ లేదు, అమ్మితేనే డబ్బు. బండి కిస్తీ కట్టలేక అమ్మేసాడు. "అన్నా, మీ అమ్మగారు ఆ రోజు అన్నం తిని వెళ్ళమన్నారు, నాకు గుర్తుంది" అన్నాడు. నేను ఏం అనలేకపోయాను. జాలిపడి వదిలెయ్యండి అనటం లేదు, వాడు చెప్పినవి అబద్ధాలే. కానీ ఇరవై మూడేళ్ళ పిల్లాడికి జీతం లేకుండా, అబద్ధం చెప్తేనే అన్నం అన్న ఏర్పాటు చేసినవాడు వేరే ఉన్నాడు, వాడు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు వ్యాపారం చేసే మిత్రులు ఒకటి అడుగుతారు. "కొలత తీసి చేసే సరుకు కదా, కొనేవాడు మధ్యలో వద్దంటే ఆ కిటికీ ఎవడికి అమ్మాలి? అడ్వాన్సు లేకుండా ఎలా?" న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా మనకి తెలిసిందే, మన ప్రాజెక్టుల్లో రోజూ చేసేదే. మైలురాళ్ళ ప్రకారం చెల్లింపు. ఆర్డరుకి పది శాతం. మూడు రోజులు ఆగాక, ఇద్దరూ మళ్ళీ ఒప్పుకున్నాక కొలతలు. ఫ్రేములు మన వాకిట్లో దిగాక సగం. బిగించాక, వాన నీళ్ళు కొట్టి చూసాక మిగతాది. ఇలా చెయ్యలేని కంపెనీ దగ్గర సరుకు కొనటానికి సొంత డబ్బు లేదన్నమాట. అప్పుడు మీరు కొనుగోలుదారు కాదు, వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా అప్పిచ్చిన మనిషి.

చట్టం అడగాల్సింది కూడా అదే. ఇన్సూరెన్స్ పాలసీ నచ్చకపోతే ముప్ఫై రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు మనకి ఇప్పుడు ఉంది. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలకి 2021 నిబంధనల్లో ఆలోచించుకునే గడువు పెట్టారు, కానీ అవి నెట్‌వర్క్ కట్టి అమ్మే కంపెనీల కోసం రాసినవి. ఇంటికొచ్చి ఆర్డరు తీసుకునే కిటికీలు, మాడ్యులర్ కిచెన్లు, సోలార్ ప్యానెళ్ళు, హాలిడే క్లబ్బులు, వీటన్నిటికీ ఒకటే చిన్న నియమం చాలు: మూడు రోజుల దాకా చెక్కు బ్యాంకులో వెయ్యకూడదు, పది శాతం మించి ముందు తీసుకోకూడదు. ఇది అడిగితే వ్యాపారాలు చచ్చిపోతాయంటారు. మూడు రోజులు ఆగితే చచ్చిపోయే వ్యాపారం, మన డబ్బు తీసుకున్నాక చావటం కంటే ముందే చావటం మేలు.

చట్టం వచ్చేలోపు మీ ఇంట్లో పెద్దవాళ్ళ కోసం మూడు మాటలు. "ఈ రోజే" అని ఎవరన్నా "ఐతే వద్దు" అనమని చెప్పండి, అది మర్యాద తక్కువ కాదని కూడా చెప్పండి. పది శాతం మించి ముందు ఇవ్వద్దని చెప్పండి. ఇప్పటికే ఇరుక్కుంటే దాచుకోకుండా 1915 కి ఫోన్ చెయ్యండి, వినియోగదారుల కమిషన్లో కేసు వెయ్యండి. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్లో వెయ్యొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మేం వేసాం. డబ్బు తిరిగొస్తుందన్న ఆశ నాకు తక్కువే. ఐనా వేసింది ఎందుకంటే, ఫిర్యాదు కాయితం నాన్న చేతే రాయించాను. జరిగింది జరిగినట్టు, తేదీలతో, రైల్వేలో రిపోర్టు రాసినట్టు నాలుగు పేజీలు రాసారు. ఆ నాలుగు పేజీలు పూర్తయ్యాకే ఆయన మళ్ళీ అమ్మ మొహం చూసి మాట్లాడటం మొదలుపెట్టారు.

టేకు కిటికీలు అలాగే ఉన్నాయి. మొన్న వడ్రంగిని పిలిపించి చూపించాను. గోరుతో గీకి పుచ్చు అన్న చోట చిత్రిక పట్టి చూసి, "దీనికేమయింది సార్, ఇంకో నలభై ఏళ్ళుంటది" అన్నాడు. రెక్కల సందుల్లో రబ్బరు పట్టీ వేసి, గడియలు మార్చి, మొత్తం పదకొండు వేలు తీసుకున్నాడు. అడ్వాన్సు అడగలేదు. అమ్మ మధ్యాహ్నం కాసేపు పడుకుంటోంది.